సంతలో పెట్టిన పళ్ళసీసా

కొత్తగా పళ్ళ డాక్టర్లయిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. కాఫీ తాగాక ఎవరో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, మీ రోజుల్లో జనానికి ఎన్ని అపోహలో కదా, వాళ్ళతో ఎలా నెట్టుకొచ్చారు?" అని. ఆ అడగడంలో జనం మీద కాస్త జాలి, తమ చదువు మీద కాస్త మురిపెం కనిపిస్తాయి. నాకు ఒళ్ళు మండుతుంది. అలాగని కోప్పడలేను. వాళ్ళ వయసులో నేనూ అచ్చం అలాగే మాట్లాడేవాణ్ణి.

అపోహలకేం, బోలెడు. పై పన్ను పీకిస్తే చూపు పోతుంది. ఒకటి తీయిస్తే పక్కవన్నీ వదులవుతాయి. పళ్ళు శుభ్రం చేయిస్తే అరిగిపోతాయి. పాలిచ్చే తల్లి డాక్టరు ముందు నోరు తెరిస్తే పాలు ఇంకిపోతాయి. పాలపళ్ళు ఎలాగూ ఊడిపోయేవే, వాటికి వైద్యమేమిటి? పన్నులో పురుగుంటుంది, పొగ పడితే చస్తుంది. నొప్పి తగ్గిందంటే జబ్బు తగ్గినట్టే. ఇవన్నీ కొండల మీద వాళ్ళకే పరిమితం అనుకునేరు. వీటిలో సగం నేను మా ఇంట్లో, చదువుకున్న మేనమామల నోట విన్నవే.

డెబ్బయ్యో దశకంలో నన్ను అరకు వైపు వేశారు. ఏజెన్సీకి బదిలీ అంటే మా శాఖలో శిక్ష అనేవారు. నేను చేసిన నేరం ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. అక్కడి ఆస్పత్రిలో నాకొక గది, గదిలో ఒక పాత కుర్చీ ఉండేవి. కుర్చీని పైకి లేపితే లేచేది గానీ నిలిచేది కాదు. పేషెంటు కూర్చున్నాక మెల్లగా కిందికి దిగిపోయేది. నేను పన్ను పట్టుకుని వంగి, ఇంకా వంగి, చివరికి మోకాళ్ళ మీదికి వచ్చేవాణ్ణి. అది చూసి నాకే నవ్వొచ్చేది, ఇక వచ్చినవాళ్ళకి నమ్మకం ఎక్కడ కలుగుతుంది?

నిజానికి వచ్చేవాళ్ళే తక్కువ. అందుకని వారం వారం సంతలో బల్ల వేసుకు కూర్చోమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఒక బల్ల, రెండు కుర్చీలు, పట్టకార్లు ఉడకబెట్టడానికి కిరసనాయిలు స్టవ్వు, మందుల పెట్టె. వీటన్నిటితో పాటు మా కాంపౌండరు.

ఆయనది విజయనగరం వైపు. నాకంటే బాగా పెద్దవాడు. కళ్ళజోడు కాడ విరిగితే దారం కట్టుకుని, ఆ దారాన్ని చెవికి చుట్టుకునేవాడు. ఆయనకు తెలియని విషయం లోకంలో లేదు. తన మాట వినని మనిషి కూడా లోకంలో లేడని, ఒక్క తన భార్య తప్ప, ఆయన నమ్మకం. "ఆవిడ నా మాట ఇన్న రోజున అరకులో ఎండ కాస్తాదండి" అనేవాడు, ఎండలో కూర్చునే.

ఆయన సొంత ఆస్తి ఒకటి ఆ మందుల పెట్టెలో ఉండేది. కొట్లలో బిస్కట్లు పెట్టుకునే పెద్ద గాజుసీసా. దాని నిండా పళ్ళు. పట్నం ఆస్పత్రిలో పనిచేసినన్నాళ్ళూ పీకిన పళ్ళను ఆయన కడిగి, ఎండబెట్టి దాచాడు. స్టేషన్ల బయట గుడ్డ పరిచి, పీకిన పళ్ళు పోగుపోసి కూర్చునే వీధి వైద్యులను మీలో కొందరైనా చూసే ఉంటారు. ఎవడి పోగు పెద్దదైతే జనం వాడి దగ్గరికి వెళ్ళేవారు. కాంపౌండరుగారి వాదన అదే.

"సరుకు కనపడాలండి, డాట్రుగారూ. కనపడకపోతే ఎవుడు నమ్ముతాడు?"

నాకూ సబబుగానే తోచింది. మొదటి సంత నుంచే ఆ సీసా నా బల్ల మీద, అందరికీ కనిపించేలా, ముందు వరసలో కొలువుదీరింది.

మాకు సరిగ్గా ఎదురుగా ఒకామె కూర్చునేది. పై ఊరి నుంచి పసుపు, పిప్పళ్ళు, అడ్డాకుల కట్టలు దింపుకొచ్చి అమ్మేది. నలభై ఏళ్ళుంటాయేమో. ముక్కుకి మూడు పుడకలు, నోట్లో చుట్ట. ఆ చుట్ట కూడా నిప్పున్న వైపు లోపలికి పెట్టుకుని కాల్చేది. అడ్డపొగ అంటారు దాన్ని. నోటి పైభాగం ఉడికిపోతుందని, ముందుముందు పుండు పడుతుందని ప్రతి సంతలోనూ నేను చెప్పేవాణ్ణి. "నా నోట్లో సలి నీకేటి తెలుసు, బాబూ" అని ఆమె కొట్టిపారేసేది. కొండల్లో వాళ్ళు ఎవరినైనా నువ్వనే అంటారు. కలెక్టరునైనా సరే. మొదట్లో నాకు చివుక్కుమనేది, తర్వాత అలవాటైంది, ఆ తర్వాత ఎవరైనా 'మీరు' అంటే పరాయిగా ఉండేది.

సంతకు వచ్చినవాళ్ళు దవడ పట్టుకుని నా బల్ల దాకా వచ్చేవారు. చూసేవారు. వెనక్కి తిరిగి ఆమె దగ్గర గొంతుక్కూర్చుని ఏదో మాట్లాడుకునేవారు. తర్వాత లేచి వెళ్ళిపోయేవారు. నేను పిలిచి అడిగితే ఒకడు కన్ను పోతుందనేవాడు, ఒకామె చంటిపిల్లని చూపించేది, ఇంకొకడు పక్క పన్ను గురించి బెంగపడేవాడు. ఒక్కో కారణానికీ నా దగ్గర ఒక్కో ఉపన్యాసం తయారుగా ఉండేది. కంటి నరం వేరు, పంటి నరం వేరు అని రంగురంగుల బొమ్మ గీసిన అట్ట పెట్టుకుని చెప్పేవాణ్ణి. జనం చుట్టూ మూగి, తోలుబొమ్మలాట చూసినట్టు చూసి, అయిపోగానే చక్కగా వెళ్ళిపోయేవారు. ఎదురుగా ఆమె నవ్వేది.

"ఎదురుకొట్టు మన బేరం సెడగొడతన్నాదండి" అని కాంపౌండరు పళ్ళు నూరేవాడు. నేనూ అదే అనుకున్నాను.

వానాకాలం వచ్చింది. ఒక సంత రోజున ఆమె చోటు ఖాళీగా ఉంది. ముసురు పట్టింది కదా, దిగి ఉండదులే అనుకున్నాను. ఇంతలో ఒక సన్నటి మనిషి, నెత్తిమీద ఆకుల గిడుగు, వచ్చి మా బల్లకు కాస్త దూరంగా నిలబడ్డాడు. ఆమె భర్తట. ఆయన్ని నేను చూడటం అదే మొదలు.

"బాబూ, దానికి మొకం పొంగిపోనాది. కన్ను మూసుకుపోనాది. నిన్ను పిలమని అది సెప్పనేదు. నానే వచ్చినాను."

"ఏ కన్ను? పై పళ్ళా, కింది పళ్ళా?" అన్నాను.

పై కోరపన్ను చూపించాడు. నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో పళ్ళ డాక్టర్లకు చెప్పనక్కర్లేదు గానీ, మిగతావాళ్ళ కోసం చెబుతాను. పై కోరపన్ను వేరు దగ్గర పట్టిన చీము కంటివైపు ఎగబాకుతుంది. అక్కణ్ణుంచి మెదడుకి దారి దగ్గర. కన్ను పోవచ్చు, మనిషే పోవచ్చు. అంత పెద్ద నోరున్న మనిషి అలా పోకూడదనుకున్నాను. "బేగి పదండి" అన్నాను, ఆ ఊరి మాటే నా నోట్లోంచి వచ్చింది.

జీపు వెళ్ళినంత దూరం వెళ్ళి, అక్కణ్ణుంచి కొండెక్కాం. కాంపౌండరు పెట్టె నెత్తిన పెట్టుకుని, జారుతూ, తిట్టుకుంటూ వచ్చాడు.

ఆమె అరుగు మీద గోడకానుకుని ఉంది. ముఖం సగం గుర్తుపట్టలేకుండా ఉబ్బింది. కుడికన్ను రెప్పలు అతుక్కుపోయాయి. ఒళ్ళు కాలిపోతోంది. చెంపకి ఏదో ఆకుపసరు పట్టించి ఉంది.

"అప్పా, నోరు చూడనీ" అన్నాను. అక్కని అక్కడ అప్ప అంటారు.

"సూడు. సూడ్డానికైతే పర్నేదు. పీకడానికి నేదు."

చూశాను. అనుకున్నదే. పన్ను తీసి, చీముకి దారి ఇచ్చి, పెన్సిలిన్ మొదలుపెట్టాలి. ఆస్పత్రికి పద అంటే రానంది. సరే, ఇక్కడే తీస్తానన్నాను.

"పై పన్ను పీకితే కన్ను పోతాది" అంది.

"పీకకపోవడం వల్లే నీ కన్ను పోయేట్టుంది."

ఒక క్షణం ఆలోచించింది. "పొగ పట్టినాను. పురుగు సచ్చిపోయుంటాది."

"పురుగు లేదు, చీముంది."

"పక్క పళ్ళు కదిలిపోతాయి."

"కదలవు."

"నెత్తురు పోతే మరి ఊరదు."

"ఊరుతుంది."

మాట్లాడ్డానికే కష్టపడుతూ కూడా ఒకదాని తర్వాత ఒకటి చెబుతూనే ఉంది. ఒకటి కొట్టేస్తే ఇంకొకటి. ఆమె ఊపిరి ఎగదోస్తోంది. కాంపౌండరుకి ఓపిక నశించింది. పెట్టె తెరిచి, గుడ్డలో చుట్టిన సీసా తీసి అరుగు మీద ఠపీమని పెట్టాడు.

"ఇదుగో, సూడవే తల్లీ! ఇన్ని పళ్ళు పీకినాం. ఒక్కడికి కన్ను పోనాదేమో ఎవున్నయినా అడుగు!"

ఆమె మొహం గోడవైపు తిప్పేసుకుంది. భర్త రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఈలంతా ఏటయిపోనారు?" అని గోడతోనే అడిగింది.

"ఎవులు?" అన్నాడు కాంపౌండరు.

"ఆ సీసాలో వోళ్ళు."

మేమిద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. "ఏమయిపోతారు? ఇళ్ళకి వెళ్ళిపోయారు" అన్నాను నేను.

"పళ్ళు ఒగ్గేసే?"

అప్పుడు ఆమె భర్త, గొంతు బాగా తగ్గించి, చిల్లంగి అన్నాడు. చేతబడిని అక్కడ అలా అంటారు. వెంట్రుక దొరికినా, గోరు దొరికినా, కట్టుకున్న బట్ట పీలిక దొరికినా ఆ మనిషికి కీడు చేయొచ్చని భయం. అందుకే జుట్టు దువ్వుకుంటే రాలిన వెంట్రుకలు కూడా దాచిపెడతారు. ఇదంతా నేను వచ్చిన కొత్తలోనే విన్నాను. విని, డాక్టరుని కదా, నవ్వి ఊరుకున్నాను.

గోరు ముక్కకే అంత జాగ్రత్తపడే మనుషుల ముందు, వేరుతో సహా ఊడదీసిన పళ్ళను సీసా నిండా పోసి, వారం వారం సంతలో ప్రదర్శించాం. రండి, మీదీ ఇందులో వేసుకుంటాం అన్నట్టు పిలిచాం! వాళ్ళు ఎంత మర్యాదస్తులంటే, నీ చేతిలో నా పన్ను పెట్టడానికి నాకు భయం అని మొహం మీద అనలేక, కన్నూ పాలూ పక్క పన్నూ అంటూ దొరికిన కారణమల్లా చెప్పి తప్పుకున్నారు. కొందరు ఆ కారణాలను నమ్మేవారనుకోండి. కానీ నేను మాత్రం అట్ట పట్టుకుని లేని వాదానికి జవాబు చెబుతూ కూర్చున్నాను.

చెబితే నమ్మరు, నాకు గుండెల మీంచి బండ దించినట్టయింది. కన్నుకీ పన్నుకీ సంబంధం లేదని ఒక మనిషి చేత ఒప్పించడం నా వల్ల కాదు. పీకిన పన్ను చేతిలో పెట్టడం ఎంతసేపు పని?

"అప్పా, నీ పన్ను నీకే ఇస్తాను. తీసింది తీసినట్టే నీ చేతిలో పెడతాను."

ఒంటికన్నుతో నన్ను చూసింది. తర్వాత కాంపౌండర్ని చూసింది. "ఆ పెద్దాయన దాసీసుకోడు గదా?"

కాంపౌండరుకి రోషం వచ్చింది. "నీ పుచ్చుపన్ను నాకెందుకే!" అన్నాడు. నేను సీసాని జీపులో పెట్టి రమ్మన్నాను. ఆ బురదలో కొండ దిగి, మళ్ళీ ఎక్కడం! ఆయన నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది. అయినా గొడుగు కింద సీసాని చంకలో పెట్టుకుని దిగాడు. ఆయన తిరిగి వచ్చేలోగా నేను పట్టకార్లు ఉడకబెట్టుకున్నాను, పెన్సిలిన్ పడుతుందో లేదో చిన్న సూదితో చూసుకున్నాను.

చీము పట్టిన చోట మత్తు సరిగా ఎక్కదు. ఆ మాట ఆమెకి ముందే చెప్పాను. "సెప్పినావు గదా, సాలు" అంది. కాంపౌండరు తల పట్టుకున్నాడు. భర్త ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పన్ను కదిలింది, చీము బయటికి తన్నుకొచ్చింది. ఆమె గొంతులోంచి వచ్చిన నిట్టూర్పు నొప్పిది కాదు, సుఖానిది. పట్టకారుతో పాటు పన్ను బయటికి వచ్చింది. మాట ఇచ్చినట్టే, దూదైనా పెట్టకముందే ఆమె అరచేతిలో పెట్టాను.

ఆమె దాన్ని వెలుతురుకి ఎత్తి తిప్పి చూసింది. ఆ కంటికి, ఆ ఒక్క కంటికి, ఎంత నిశితమైన చూపో!

"కొస ఏదీ?" అంది.

నేను చూశాను. వేరు చివర, గింజంత ముక్క విరిగి లోపలే ఉండిపోయింది. కోరపన్ను వేరు పొడుగు, అలా జరుగుతుంటుంది. అంత చిన్న ముక్కయితే లోపల వదిలేసే వాళ్ళూ ఉంటారు. కానీ అంత చీమున్న చోట వదలడం నాకు ఇష్టం లేదు. పైగా ఆమె చెయ్యి ఇంకా చాపే ఉంది.

"లోపలుంది అప్పా. మళ్ళీ తియ్యాలి. నొప్పెడుతుంది."

కాంపౌండరు నా చెవి దగ్గర, "ఒగ్గీయండి బాబూ, తట్టుకోనేదు" అన్నాడు. ఆమెకి వినపడింది. నెత్తురు ఉమ్మి, వేలితో నోరు తనే పక్కకి లాగి పట్టుకుని, కానీ అన్నట్టు తలాడించింది.

ముసురు మూలాన వెలుతురు చాలలేదు. కాంపౌండరు టార్చిలైటు పట్టాడు. ఆయన చూడలేక మొహం తిప్పుకుంటే వెలుగూ పక్కకి తిరిగింది. "కదపకండీ" అని కసిరాను. సన్నటి పనిముట్టుతో వెతుకుతూ, జారుతూ, మళ్ళీ వెతుకుతూ ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఆమె ఒక్కసారి కూడా నా చెయ్యి తోసెయ్యలేదు. చివరికి ఆ ముక్క దూది మీద పడింది.

దాన్నీ ఆమె చేతిలోనే పెట్టాను. పన్ను కొసకి ఆ ముక్కని ఆనించి చూసుకుంది. సరిగ్గా అతికింది. భర్తకి చూపించింది. ఆయన తలూపాడు. అడ్డాకు చింపి, రెండిటినీ పెట్టి మడిచి, మొలలో దోపుకుని, అప్పుడు గోడకి చేరబడి కన్ను మూసింది.

రోజూ వెళ్ళి పెన్సిలిన్ సూది వేసే పని నేను ఎవరికీ అప్పగించలేదు. మర్నాడు చూస్తే కాంపౌండరే సూదుల డబ్బా సర్దుకుంటున్నాడు. "నేనెల్తానండి. ఆవిడకి నామీద అనుమానం పోవాల" అన్నాడు. మొదటిరోజు వచ్చి పెదవి విరిచాడు. నాకు అన్నం సయించలేదు. మరుసటిరోజు జ్వరం తగ్గిందన్నాడు. ఆ పైరోజు గుమ్మంలోంచే కేకేశాడు. "కన్ను గీతంత తెరిసిందండి! తెరిసి నన్ను తిట్టిందండి!"

నేను ఆ కుర్చీలో, ఆ దిగిపోయే కుర్చీలో కూలబడి, అది కిందికి దిగుతుంటే అలాగే దిగనిచ్చాను. అంత హాయి నాకు ఉద్యోగంలో ఇంకెప్పుడూ కలగలేదు.

తర్వాతి సంతకి ఆమె తన చోట్లో ఉంది. నన్ను చూడగానే లేచి నా బల్ల దగ్గరికి వచ్చింది. సంత సంతంతా చూస్తుండగా ఎడమకన్ను అరచేత్తో మూసుకుంది. కుడికన్నుతో నన్ను ఎగాదిగా చూసింది.

"డాట్రు బాబూ, నీ సొక్కాకి గుండీ నేదు" అంది.

నిజమే, లేదు. జనం గొల్లున నవ్వారు. ఆమె వాళ్ళవైపు తిరిగి, "కన్ను పోనేదు. పన్ను మనకే ఇచ్చేస్తాడు. విరిగిన ముక్క సైతం ఇచ్చేస్తాడు!" అని కేకేసింది. నేను గీసిన అట్టలన్నీ చేయలేని పని ఆ కేక చేసింది. ఆ రోజు కాంపౌండరు అడ్డాకులు చింపి పొట్లాలు కట్టలేక అలిసిపోయాడు. ఆకులు ఆమెవే. పన్ను ఎక్కడ దాచావని నేను అడిగితే, "నీకు సెప్పీస్తే ఇంకేటి?" అంది. చుట్ట మాత్రం మానలేదు. ఒక్క గెలుపుతో సరిపెట్టుకున్నాను.

బల్ల సర్దుతుంటే ఆమె కాంపౌండరు దగ్గరికి వచ్చింది. "పెద్దాయనా, ఆ సీసాలో వోళ్ళ సంగతేటి?" అంది. ఆయన పెట్టె నెత్తికెత్తుకుని జీపు దగ్గరికి నడిచాడు. ఘాట్ రోడ్డులో ఒక మలుపు దగ్గర జీపు ఆపమన్నాడు. సీసా పట్టుకుని దిగి, చెట్ల మధ్యకి వెళ్ళి, తడిమట్టిని రాతితో తవ్వడం మొదలుపెట్టాడు. నేనూ వెళ్ళి నిలబడ్డాను.

పళ్ళన్నీ గోతిలో పోశాడు. పోసి, వాటిలో వేళ్ళు పెట్టి వెతికి, వెండి నింపిన దంతం ఒకటి పైకి తీశాడు. మిగతావాటి మీద మట్టి కప్పి, రాయి పెట్టి, చేతులు జోడించాడు.

"ఏమని మొక్కారు?" అన్నాను.

"పేర్లు తెలీవు గదండీ. ఎవుల్ది ఆళ్ళకి సేరిపోవాలని అన్నానండి."

"మరి అది?"

ఆ దంతాన్ని పంచె కొంగుతో తుడిచాడు. జేబులోంచి అడ్డాకు ముక్క తీశాడు. ఆమె దగ్గర అడిగి తెచ్చుకున్నట్టున్నాడు.

"ఇది మా ఆవిడదండి. పెళ్ళయిన కొత్తలో నేనే దగ్గరుండి పీకించేను. పన్ను సేతిలో ఉంటే మనిషి సేతిలో ఉంటాదంటన్నారు గదండీ ఈళ్ళు. ఇన్నేళ్ళూ సీసాలో పెట్టుకున్నాను, ఒక్కనాడు నా మాట ఇన్నేదు."

పొట్లం కట్టి, చొక్కా జేబులో పెట్టుకుని, పైనుంచి చేత్తో ఒకసారి తడుముకున్నాడు.

"అయినా, ఇచ్చీడమే మంచిదండి" అన్నాడు.